మలేరియా మాత్ర, నల్లటి మూత్రం: ఎర్రకణంలో ఫ్రీ రాడికల్స్ చేసిన నష్టంపై ఒక కేస్ స్టడీ

రోగి 23 ఏళ్ల యువకుడు, బరువు 52 కిలోలు. ఊరు పాతపట్నం పైన, ఒడిశా సరిహద్దు దగ్గర కొండవాలు పల్లె. ఏడాదిలో ఎక్కువ భాగం చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తాడు, ఊడుపుల కాలానికి ఇంటికొస్తాడు. శ్రీకాకుళంలో మా ఆసుపత్రికి తెచ్చేసరికి కళ్లు పచ్చగా, పెదవులు నీలి ఛాయతో ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అతని అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

ఫ్రీ రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్‌తో, పక్కనున్నవాటిపై విరుచుకుపడే అణువులు) అనగానే మన దగ్గర మాటలు ముడతలు, ముసలితనం, డబ్బాల్లో అమ్మే యాంటీ ఆక్సిడెంట్ల చుట్టూ తిరుగుతాయి. అవి ఒక ఆరోగ్యవంతుడి రక్తాన్ని వారం తిరక్కుండా సగం చేసేయగలవని, అప్పుడు ఆ డబ్బాలేవీ అక్కరకు రావని చాలామందికి తెలియదు. డాక్టర్లం కూడా ఆ రసాయన శాస్త్రాన్ని మొదటి ఏడాది పరీక్ష రాసి మరిచిపోతాం.

జరిగిన సంగతి

ఊరికి వచ్చిన పదిరోజులకు చలిజ్వరం పట్టుకుంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వేలు గుచ్చి పరీక్ష చేస్తే వైవాక్స్ మలేరియా తేలింది. పీహెచ్‌సీలో చూసిన హిమోగ్లోబిన్ 12.1. పద్ధతి ప్రకారమే మందులిచ్చారు: మూడు రోజులు క్లోరోక్విన్, దాంతోపాటు పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్, రోజుకు 15 మిల్లీగ్రాములు. ఈ రెండో మందు ఎందుకో చాలామంది రోగులకు తెలియదు. వైవాక్స్ క్రిములు కొన్ని కాలేయంలో నిద్రాణంగా ఉండిపోతాయి. క్లోరోక్విన్ వాటి జోలికి పోదు. వాటిని తుడిచేయకపోతే జ్వరం వారాలకో నెలలకో మళ్లీ తిరగబెడుతుంది. కాబట్టి ప్రైమాక్విన్ ఇవ్వడంలో తప్పేమీ లేదు.

రెండు రోజుల్లో జ్వరం దిగింది. మూడో రోజు సాయంత్రం నుంచి నడుము పట్టేసింది, మూత్రం రంగు మారింది. తల్లి చెప్పిన మాట ఆమె మాటల్లోనే: "ఒంటికెళ్తే నల్లగా ఎల్తంది బాబూ. వేడి సేసిందనుకుని సబ్జాలు తాపించినాం. కళ్లు పచ్చబడీసరికి కామెర్లని పసరు ఏయించినాం." కోర్సు మధ్యలో ఆపకూడదని ఎవరో గట్టిగా చెప్పారట, కుర్రాడు మాత్రలు మానలేదు. ఆరో రోజు ఆశా కార్యకర్త మళ్లీ వచ్చింది. కళ్లు చూసింది, మూత్రం రంగు అడిగింది. అక్కడికక్కడే మాత్రలు ఆపించి ఆటో ఎక్కించింది. ఈ కేసులో ప్రాణం నిలబెట్టిన నిర్ణయం ఏదంటే నేను అదే చూపిస్తాను. మూత్రం నల్లబడినా, కళ్లు పచ్చబడినా, పెదవులు నీలిబడినా ప్రైమాక్విన్ ఆపాలని జాతీయ మలేరియా మార్గదర్శకాల్లో ఉంది. ఆ వాక్యం గుర్తుపెట్టుకున్నది ఆమే.

వచ్చినప్పటి స్థితి

నాడి 124, బీపీ 104/60, జ్వరం లేదు. ప్లీహం వేలికి కొద్దిగా తగులుతోంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, అయినా వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 90 దగ్గరే ఆగింది. ఆక్సిజన్ పెట్టినా 91 దాటలేదు.

ల్యాబ్ నుంచి మొదట వచ్చిన ఫోను రిపోర్టు చెప్పడానికి కాదు. "శాంపిల్ హిమోలైజ్ అయింది సార్, మళ్లీ తీసి పంపండి" అన్నారు. గడ్డ మీద తేలిన సీరం పసుపుగా కాక ఎర్రగా ఉందట. సూది గుచ్చడంలో, సిరంజి లాగడంలో కణాలు పగిలితే అలాగే ఉంటుంది. అందుకని పెద్ద నరం చూసి, టోర్నికే విప్పేసి, నెమ్మదిగా మళ్లీ తీశాం. రెండో ట్యూబులోనూ అదే ఎరుపు. కణాలు పగిలింది సిరంజిలో కాదు, మనిషి ఒంట్లోనే.

మూత్రం డికాక్షన్ రంగులో ఉంది. స్ట్రిప్ ముంచితే రక్తం మూడు ప్లస్సులు చూపించింది, మైక్రోస్కోపు కింద మాత్రం ఒక్క ఎర్రకణం లేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినా అడుగున ఏమీ చేరలేదు, పైన నీరు అదే రంగులో ఉండిపోయింది. అంటే మూత్రంలోకి వస్తున్నది రక్తం కాదు, కణం పగిలి బయటపడ్డ హిమోగ్లోబిన్. కండరాలు చితికినప్పుడు వచ్చే మయోగ్లోబిన్ కూడా ఇలాగే కనిపిస్తుంది. అయితే అప్పుడు సీరం మామూలు రంగులోనే ఉంటుంది.

హిమోగ్లోబిన్ 6.2. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ 5.8, అందులో 4.9 ఎర్రకణాలు పగిలితే పెరిగే ఇన్‌డైరెక్ట్ రకం. పగిలిన కణాల నుంచి బయటపడే ఎల్‌డీహెచ్ ఎంజైమ్ 1,460. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినైన్ 1.7. కణాలను పగలగొట్టేది యాంటీబాడీలేమో చూసే కూంబ్స్ పరీక్ష నెగటివ్. స్లయిడ్‌లో మలేరియా క్రిమి లేదు.

క్రియాటినైన్ అంకె వినగానే వెంట వచ్చినవాళ్ల ముఖాలు మాడిపోయాయి. ఈ జిల్లాలో ఆ పేరు పలికితే ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లు ప్రతి ఇంటి చుట్టరికంలోనూ ఉంటారు. ఇది ఆ జబ్బు కాదని, పగిలిన కణాల హిమోగ్లోబిన్ కిడ్నీ గొట్టాల్లో పేరుకోవడం వల్ల వచ్చిన దెబ్బని, నీళ్లు సరిగ్గా ఎక్కిస్తే తేరుకుంటుందని కూర్చోబెట్టి చెప్పాను. ఆ భయం తీరితే తప్ప తరవాత చెప్పేవేవీ వాళ్ల చెవికెక్కవు.

వర్షాకాలంలో మడిలో దిగిన మనిషికి జ్వరం, కామెర్లు, క్రియాటినైన్ కలిసి కనిపిస్తే మా వైపు ముందు లెప్టోస్పైరోసిస్ అనుమానించాలి. అందులో పెరిగేది ఎక్కువగా డైరెక్ట్ బిలిరుబిన్. కళ్లు ఎర్రబడతాయి, పిక్కలు నొక్కితే ఓర్చుకోలేరు. ఇతనికి అవేవీ లేవు. కొండ ప్రాంతంవాడు కాబట్టి సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించాం, నెగటివ్.

మిగిలింది పల్స్ ఆక్సీమీటర్ అంకె. ధమని రక్తం తీసి చూస్తే కరిగి ఉన్న ఆక్సిజన్ పుష్కలంగా ఉంది. మెథిమోగ్లోబిన్‌ను, అంటే ఆక్సిజన్‌ను మోయలేని రూపంలోకి మారిన హిమోగ్లోబిన్‌ను, నేరుగా కొలిచే యంత్రం మా దగ్గర లేదు. అందుకని పాత పద్ధతి పట్టాం: తెల్ల ఫిల్టర్ పేపరు మీద మా టెక్నీషియన్ రక్తం ఒక చుక్క, పక్కన రోగిది ఒక చుక్క. గాలి తగిలిన కాసేపటికి టెక్నీషియన్ చుక్క నిగనిగలాడే ఎరుపుకు తిరిగింది. రోగిది చాక్లెట్ రంగులోనే ఉండిపోయింది. హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఆక్సీకరణ చెంది ఆక్సిజన్‌ను మోయలేని రూపంలోకి మారితే అలా ఉంటుంది.

స్లయిడ్‌లో మరో సాక్ష్యం దొరికింది. ఎర్రకణాలు కొన్నింటికి ఒక అంచు కొరికేసినట్టుగా పోయింది. క్రిస్టల్ వయొలెట్ రంగు వేస్తే, కణాల లోపల గోడకు అంటుకుని ముదురు చుక్కలు తేలాయి. వాటిని హీంజ్ బాడీలంటారు, అవి చెడిపోయి ముద్దకట్టిన హిమోగ్లోబిన్. ఆ ముద్దలను ప్లీహం గిల్లి తీసేసిన చోటే ఆ కొరుకుడు గుర్తు. ఇన్నీ కలిపి చూస్తే ఒకటే అర్థం. ఆక్సీకరణ ధాటికి ఎర్రకణాలు కూలుతున్నాయి, వెనక జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉండి తీరాలి.

ఎర్రకణం లోపల ఏం జరిగింది

మనం పీల్చే ఆక్సిజన్ అణువులో జత లేని ఎలక్ట్రాన్లు రెండుంటాయి. అది బయటి నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసుకుంటే సూపర్ ఆక్సైడ్ అవుతుంది, అదొక ఫ్రీ రాడికల్. ఎర్రకణంలో ఇది రోగం వస్తేనే పుట్టేది కాదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేటప్పుడు అప్పుడప్పుడు దాని ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్ కూడా ఆక్సిజన్‌తో పోతుంది. అలా ఆరోగ్యవంతుడిలోనే రోజూ నూటికి ఒకటి నుంచి మూడు వంతుల వరకు హిమోగ్లోబిన్ మెథిమోగ్లోబిన్‌గా మారుతుంది. మారిన ప్రతిసారీ ఒక సూపర్ ఆక్సైడ్ పుడుతుంది.

దాన్ని సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ 1969లో ఈ ఎంజైమ్ పనిని బయటపెట్టాకే, ఫ్రీ రాడికల్స్ మన ఒంట్లో నిత్యం పుడుతున్నాయని జీవశాస్త్రం గట్టిగా నమ్మింది. పెరాక్సైడ్ నిజానికి ఫ్రీ రాడికల్ కాదు, అయినా ప్రమాదం దానితోనే. ఇనుము తగిలితే అది హైడ్రాక్సిల్ రాడికల్‌గా విడిపోతుంది. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టినచోటే పక్కనున్న దేనినైనా, కొవ్వునో ప్రొటీన్‌నో, కాల్చేస్తుంది. దాన్ని పట్టి ఆపే ఎంజైమ్ లేదు. అందుకే శరీరం దాన్ని పుట్టనివ్వకుండా, పెరాక్సైడ్ దశలోనే నీళ్లుగా మార్చేస్తుంది. ఆ పని చేసేవాటిలో ముఖ్యమైనది గ్లూటాథయోన్.

గ్లూటాథయోన్ ఒకసారి పని చేశాక ఖర్చయిపోతుంది. దాన్ని తిరిగి పనికొచ్చే రూపంలోకి తేవాలంటే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు కావాలి. వేరే కణాలకు దాన్ని తయారు చేసుకునే దారులు నాలుగైదున్నాయి. ఎర్రకణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు. గ్లూకోజ్‌ను మళ్లించే ఒక్క దారే ఉంది, ఆ దారి మొదట్లో నిలబడే ఎంజైమే జీ6పీడీ. అది తక్కువైనవాడు మామూలు రోజుల్లో ఏ తేడా లేకుండా బతికేస్తాడు. నెల జీతం నెలకు సరిపోయే ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చిపడే దాకా లోటు తెలియనట్టే ఉంటుంది అతని పరిస్థితి.

ఇక్కడ ఆ ఖర్చు ప్రైమాక్విన్. కాలేయంలో అది విరిగి తయారయ్యే పదార్థాలు ఎర్రకణంలోకి చేరి ఒకదాని వెంట ఒకటిగా పెరాక్సైడ్ పుట్టిస్తూనే ఉంటాయి. గ్లూటాథయోన్ అయిపోయింది. హిమోగ్లోబిన్ చెడి ముద్దకట్టింది, కణం గోడలోని కొవ్వులు ఆక్సీకరణ చెందాయి, గోడ బిరుసెక్కి పగిలింది. బయటపడ్డ హిమోగ్లోబిన్ రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను లాగేసుకుంది. కుర్రాడి నడుంనొప్పిలో దాని వాటా ఉంది.

ఈ లోపాన్ని కనిపెట్టింది కూడా ఈ మందు వల్లే. ప్రైమాక్విన్ కొందరికే ఎందుకు పడదో వెతుకుతూ కార్సన్, ఆయన సహచరులు 1956లో ఎర్రకణంలో జీ6పీడీ లోపాన్ని గుర్తించారు. ముసలితనానికి ఫ్రీ రాడికల్సే కారణమన్న సిద్ధాంతాన్ని డెన్హమ్ హార్మన్ ప్రచురించింది కూడా 1956లోనే. రెండోది జనంలోకి వెళ్లి వ్యాపారమైంది. మొదటిది ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి సంబంధించినది, అయినా పేరు విన్నవాళ్లు తక్కువ.

విటమిన్ సి ప్రశ్న

రోగి బావ ఒకతను మెడికల్ షాపులో పనిచేస్తాడు. చురుకైనవాడు, చదువుకున్నాడు. నేను చెప్పినదంతా విని అడిగాడు: "సార్, ఇదంతా ఫ్రీ రాడికల్స్ వల్లే అంటున్నారు. మరి విటమిన్ సి డ్రిప్ పెట్టేస్తే పోదా? గ్లూటాథయోన్ ఇంజెక్షన్ కూడా దొరుకుతుంది, తెల్లబడటానికి వేయించుకుంటారు కదా, అది తెచ్చేస్తాను."

ప్రశ్నలో తర్కం ఉంది, అందుకే తీరిగ్గా జవాబు చెప్పాను. గ్లూటాథయోన్ నరంలోకి ఎక్కించినా ఎర్రకణం దాన్ని ఉన్నపళంగా లోపలికి తీసుకోదు. తీసుకున్నా ఒకసారి ఖర్చయ్యాక తిరిగి నింపే ఎన్‌ఏడీపీహెచ్ లేదు. విటమిన్ సి సంగతి ఇంకా విపరీతం. తిండిలో దొరికే మోతాదులో అది మేలే చేస్తుంది, ఉసిరికాయో జామకాయో తింటే ఏ ఇబ్బందీ లేదు. గ్రాములకొద్దీ నరంలోకి ఎక్కిస్తే అదే పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో పెద్ద మోతాదు విటమిన్ సి వల్లే కణాలు భారీగా పగిలిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఈ కుర్రాడికి ఆ డ్రిప్ పెట్టి ఉంటే మిగిలిన రక్తం కూడా పోయేది.

యాంటీ ఆక్సిడెంట్ అన్న పేరు చూసి మేలే చేస్తుందనుకోవడం మానాలి. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లపై జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. పైగా ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. క్రిమిని మింగిన తెల్లకణం దాన్ని చంపేది సూపర్ ఆక్సైడ్ పుట్టించే. కాలేయంలో దాక్కున్న మలేరియా క్రిమిని ప్రైమాక్విన్ చంపడంలోనూ ఆ మంటదే ప్రధాన పాత్ర అన్నది బలంగా ఉన్న అభిప్రాయం. ఈ ఎంజైమ్ లోపం మలేరియా ఉన్న నేలల్లోనే ఎక్కువగా మిగలడానికి కారణం కూడా అదే. రక్షణ తక్కువున్న ఎర్రకణంలో క్రిమికీ మనుగడ కష్టం.

చికిత్స

మందు ఆపడమే అసలు చికిత్స. సెలైన్ జాగ్రత్తగా ఎక్కిస్తూ గంటగంటకూ మూత్రం కొలిచాం. ఫోలిక్ యాసిడ్ ఇచ్చాం. గుండె వేగం, ఆయాసం చూసి రెండు యూనిట్ల ప్యాక్డ్ సెల్స్ (విడదీసిన ఎర్రకణాలు) ఎక్కించాం. తమ్ముడు తన రక్తం ఎక్కించమని చెయ్యి చాపాడు, వద్దన్నాను. ఒకే తల్లి బిడ్డలు, అతనికీ ఈ లోపం ఉండే అవకాశం సగానికి సగం.

మెథిమోగ్లోబిన్ అనగానే చేయి మెథిలీన్ బ్లూ వైపు వెళ్తుంది. పుస్తకంలో విరుగుడు అదే. కానీ ఆ మందు పని చేయాలన్నా ఎన్‌ఏడీపీహెచ్ కావాలి. అది లేనివాడికి మెథిలీన్ బ్లూ విరుగుడు కాకపోగా కణాలను ఇంకా పగలగొడుతుంది. డ్యూటీలో ఉన్న జూనియర్లకు కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో 'మెథిలీన్ బ్లూ వద్దు' అని రాయించాను.

మూడో రోజుకు మూత్రం లేత టీ రంగుకు, ఐదో రోజుకు మామూలు రంగుకు వచ్చింది. క్రియాటినైన్ 1.0కి దిగింది. వారం తిరిగేసరికి కొత్త ఎర్రకణాల లెక్క చెప్పే రెటిక్ కౌంట్ 11 శాతం, హిమోగ్లోబిన్ 9.4. ఇంటికి పంపాం.

తప్పుదారి పట్టించబోయిన రిపోర్టు

రక్తం ఎక్కించకముందే జీ6పీడీకి శాంపిల్ తీసి పంపాం. రిపోర్టు 'లోపం లేదు' అని వచ్చింది. బావ ఆ కాగితం పట్టుకుని "అయితే ఆ మాత్రలు మళ్లీ వేసుకోవచ్చన్నమాట" అన్నాడు.

ప్రమాదం అక్కడే ఉంది. ఎర్రకణం పుట్టినప్పుడు దానిలో ఎంజైమ్ కాస్త మెరుగ్గా ఉంటుంది, 120 రోజుల ఆయుష్షులో తరుగుతూ పోతుంది. కేంద్రకం లేదు కాబట్టి కొత్తది తయారు చేసుకోలేదు. కణాలు పగిలినప్పుడు ముందు పోయేవి ఎంజైమ్ అడుగంటిన ముసలి కణాలు. మిగిలినవి, కొత్తగా వచ్చినవి పడుచు కణాలు. ఆ సమయంలో పరీక్ష చేస్తే బతికి బయటపడ్డవాటినే కొలుస్తాం. దెబ్బ తగిలిన రోజుల్లో వచ్చే నార్మల్ రిపోర్టును నమ్మవద్దని జూనియర్లకు పదేపదే చెబుతాను. మూడు నెలలు ఆగి, ఎక్కించిన రక్తం ప్రభావం కూడా తీరాక, అంకె చెప్పే పద్ధతిలో మళ్లీ చేయించాం. సాధారణ స్థాయిలో 30 శాతం కన్నా తక్కువ వచ్చింది.

ఈలోగా రెండో నెలలో జ్వరం తిరగబెట్టింది, మళ్లీ వైవాక్స్. క్లోరోక్విన్ మాత్రమే ఇచ్చాం. అది అతనికి హాని చేయలేదు. కానీ కాలేయంలో క్రిమిని అలాగే వదిలేస్తే ప్రతి జ్వరానికీ రక్తం తరుగుతుంది. రెండో ఎంజైమ్ రిపోర్టు వచ్చాక ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన దారి పట్టాం: ప్రైమాక్విన్‌నే కిలోకు 0.75 మిల్లీగ్రాముల చొప్పున వారానికి ఒకేసారి, ఎనిమిది వారాలు. అతని బరువుకు వారానికి 7.5 మిల్లీగ్రాముల మాత్రలు ఐదు. మోతాదుకూ మోతాదుకూ మధ్య వారం ఎడం ఉంటే, పగిలే ముసలి కణాలు కొద్దికొద్దిగా పోతాయి, వాటి చోట పడుచు కణాలు పుంజుకుంటాయి. దగ్గరుండి చూసే ఏర్పాటు లేనిచోట మాత్రం దీన్ని మొదలుపెట్టకూడదు. ప్రతి మోతాదుకు ముందు హిమోగ్లోబిన్ చూశాం, మూత్రం రంగు ఇంట్లో రోజూ చూసుకోమన్నాం. 12.9 నుంచి రెండో వారానికి 11.6కు దిగింది, మరి తగ్గలేదు. కోర్సు పూర్తయింది.

ఇంటివాళ్లు

ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అంటే మగపిల్లలకు తల్లి వైపు నుంచి వస్తుంది. అడిగితే ఆ వైపు కథలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మేనమామకు పడుచువయసులో ఏవో మాత్రలు వేసుకున్నాక కామెర్లు వచ్చాయి, పసరుతో తగ్గాయని ఇంట్లో నమ్మకం. మందు ఆగితే పడుచు కణాలు వచ్చి తగ్గుతుంది, పేరు పసరుకు దక్కింది. అక్క మొదటి కొడుక్కి పుట్టిన నాలుగో రోజున కామెర్లు ముదిరి నీలం లైట్ల కింద ఉంచారట. ఆ పసివాణ్ని చుట్టింది ట్రంకుపెట్టెలో దాచిన పాత చీరల్లో, పెట్టెలో కలరా ఉండలున్నాయి. కలరా ఉండ నాఫ్తలీన్. దాని ఆవిరి పీల్చినా, బట్టల ద్వారా చర్మానికి తగిలినా ఈ లోపమున్న శిశువుల్లో కణాలు పగులుతాయి. ఆ పిల్లాడికిప్పుడు నాలుగేళ్లు. పరీక్ష చేయిస్తే లోపం తేలింది. తమ్ముడికి లేదు.

అక్క ఇప్పుడు రెండోసారి గర్భవతి. ఆమెకు ఇచ్చిన కాగితంలో కొన్ని సంగతులు తెలుగులో రాశాం. బిడ్డ బట్టలు కలరా ఉండలు లేనిచోట ఉంచాలి, పాతబట్టలైతే ఉతికి ఎండలో ఆరేయాలి. ఆషాఢం వచ్చిందని బిడ్డ చేతులకూ కాళ్లకూ గోరింటాకు పెట్టకూడదు. అందులోని రంగు పదార్థం నాఫ్తలీన్ కుటుంబానిదే, ఇదే హాని చేస్తుంది. పుట్టగానే బొడ్డుతాడు రక్తంతో పరీక్ష చేయించాలి, మొదటి వారం రోజూ కామెర్లు చూడాలి. కుర్రాడికి ఇచ్చిన హెచ్చరిక కార్డు మీద ప్రైమాక్విన్ రోజువారీ మోతాదు, డాప్సోన్, నైట్రోఫ్యురాంటోయిన్, రాస్బురికేజ్, మెథిలీన్ బ్లూ, విటమిన్ సి డ్రిప్ వద్దని ఉంది. జ్వరానికి మామూలు మోతాదు పారాసిటమాల్ వేసుకోవచ్చనీ ఉంది. ఇంటర్నెట్‌లో చదివి చిక్కుడుకాయ మానేస్తానన్నాడు. మధ్యధరా దేశాల్లో హాని చేసే ఫావా గింజ వేరే మొక్కది, మన చిక్కుడు మానక్కర్లేదని చెప్పాను.

ఆ కార్డును చెన్నైలో మేస్త్రీకి కూడా ఒక కాపీ ఇమ్మన్నాను. సైట్‌లో జ్వరం వస్తే అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లేది మేస్త్రీయే, అక్కడ ఈ కథంతా చెప్పగలిగే తల్లి పక్కన ఉండదు. ఆశా కార్యకర్త తన పరిధిలోని మిగతా ఇళ్లలోనూ మాత్రలిచ్చే ముందు 'ఎప్పుడైనా మందు పడక మూత్రం నల్లబడిందా, ఇంట్లో పసిబిడ్డకు కామెర్లు ముదిరాయా' అని అడుగుతోంది. అలా ఆమె పంపిన మరో కుటుంబం పరీక్షల కోసం వచ్చే వారం మా దగ్గరికి వస్తోంది.